ప్రోగ్రెస్ కార్డు వచ్చాక ఏం చూడాలి, టీచర్‌ని ఏం అడగాలి?

ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే అందరి చూపూ ముందు టోటల్ మీదికి, ఆ వెంటనే ర్యాంకు మీదికి పోతుంది. ఆ రెండూ చూసి సంతోషపడో కోప్పడో సంతకం పెట్టేస్తాం. కానీ ఆ కార్డు మొత్తంలో పిల్లల చదువు గురించి అన్నిటికన్నా తక్కువ చెప్పేవి ఆ రెండు అంకెలే. మీ అమ్మాయికి ఏం వచ్చు, ఏం రాదు, ఎక్కడ ఆగిపోయింది అనేది టోటల్‌లో దొరకదు. అది దొరికేది టీచర్ దిద్దిన ఆన్సర్ షీటులో. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో కార్డుకి ఇచ్చే సమయం తక్కువ, పేపరుకి ఇచ్చే సమయం ఎక్కువ.

కార్డు వచ్చిన సాయంత్రమే కూర్చోనక్కర్లేదు. ఆ పూట ఇంట్లో అందరికీ టెన్షన్‌గానే ఉంటుంది. మర్నాడో సెలవు రోజునో ఒక గంట తీరిక చేసుకోండి. కార్డు, దిద్దిన పేపర్లు, నోట్సులు, ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. సంతకం ఆ తర్వాత పెట్టొచ్చు.

1. ఆ మార్కు ఏ పరీక్షదో చూడండి

స్కూల్లో పెట్టే పరీక్షలన్నీ ఒకే పని కోసం పెట్టరు. పాఠం నడుస్తుండగా పెట్టే స్లిప్ టెస్టులు, క్లాసులో అడిగే ప్రశ్నలు, నోట్సు దిద్దడం, ప్రాజెక్టులు ఒక రకం. వీటిని నిర్మాణాత్మక మూల్యాంకనం అంటారు. ఫార్మేటివ్ అనే మాట మీరు వినే ఉంటారు. టర్మ్ అయిపోయాకో ఏడాది చివరో పెట్టే పెద్ద పరీక్షలు రెండో రకం. ఇవి సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే సమ్మేటివ్. ఈ రెండింటినీ విడదీసి 1967లో పేర్లు పెట్టినవాడు మూల్యాంకనం మీద పనిచేసిన మైకేల్ స్క్రివెన్ అనే తత్వవేత్త. ఆయన అప్పుడు మాట్లాడింది సిలబస్‌లు, బోధనా కార్యక్రమాలు ఎలా పనిచేస్తున్నాయో చూడడం గురించి. విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయనతో పనిచేసినవాళ్ళు తర్వాత ఆ తేడాని పిల్లల చదువు దగ్గరికి తెచ్చారు.

తేడా ఏమిటంటే, మొదటి రకం పరీక్ష టీచర్ తన పాఠాన్ని, పిల్లలు తమ చదువుని ఇంకా సమయం ఉండగానే సరిదిద్దుకోవడానికి. రెండోది ఎంతవరకు వచ్చారో నమోదు చేయడానికి. కాబట్టి స్లిప్ టెస్టులో 10కి 4 వచ్చాయని కంగారుపడకండి. తప్పు బయటపడాల్సిన చోటే బయటపడింది. ఆ 4 చూసి ఎవరూ ఏమీ చేయకపోతేనే సమస్య.

రెండు రకాల మార్కులూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. చిన్న టెస్టుల్లో బాగా వచ్చి పెద్ద పరీక్షలో తగ్గాయంటే, నేర్చుకున్నది నిలవడం లేదన్నమాట. లేదా మూడు గంటల పేపరులో టైమ్ చాలలేదు, లేదా పరీక్ష హాలంటేనే భయం. దీనికి తలకిందులుగా ఉంటే పరీక్షకి ముందు రాత్రి బట్టీ పట్టి గట్టెక్కుతున్నట్టు కావచ్చు. ప్రాజెక్టులో నిండుగా మార్కులు వచ్చి, అదే పాఠం మీద రాతపరీక్షలో తక్కువ వస్తే, ఆ ప్రాజెక్టు ఎవరు చేశారో ఇంట్లో ఒకసారి నిజాయతీగా ఆలోచించుకోవాలి.

వెయిటేజీ, అంటే మొత్తంలో ఏ పరీక్షకి ఎంత వాటా అన్నది కూడా చూడండి. ఇది కార్డు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. ఒక సబ్జెక్టులో ఇంటర్నల్స్‌కి 20, రాతపరీక్షకి 80 అనుకుందాం. మీ అబ్బాయికి ఇంటర్నల్స్‌లో 19, రాతపరీక్షలో 44 వచ్చాయి. కార్డులో కనబడేది 63. పర్లేదనిపిస్తుంది. కానీ రాతపరీక్షని విడిగా చూస్తే 80కి 44, అంటే 55 శాతం. ఇంటర్నల్స్‌లో 95 శాతం. ఈ రెండూ ఒకే పిల్లాడివి, ఒకే పుస్తకం మీదివి. ఇంత దూరం ఎందుకుందో అడగాల్సిందే. 63 అనే అంకె ఆ ప్రశ్నని దాచేస్తుంది.

2. అంకెలని దేనితో పోల్చాలో తెలుసుకోండి

సైన్సులో 62, లెక్కల్లో 74. చూడగానే సైన్సు ట్యూషన్ పెట్టించాలేమో అనిపిస్తుంది. క్లాసు సగటు అడిగి తెలుసుకుంటే సైన్సులో 49, లెక్కల్లో 83 అని తేలిందనుకోండి. అప్పుడు కథ మారిపోతుంది. సైన్సు పేపరు అందరికీ కష్టంగా వచ్చింది, మీ అమ్మాయి అందులో బాగానే నెట్టుకొచ్చింది. లెక్కలు అందరికీ తేలిగ్గా వచ్చినా తను వెనకబడింది. సగటు కార్డులో వేయని స్కూళ్ళు చాలా ఉన్నాయి. అడిగితే చెప్తారు. అయితే సగటు కూడా చివరి మాట కాదు. క్లాసంతా వెనకబడి ఉంటే సగటుకన్నా పైనున్నా ఉపయోగం లేదు. ఆ తరగతిలో పిల్లలకి ఏమేం వచ్చి ఉండాలో అభ్యసన ఫలితాల పేరుతో పాఠ్యపుస్తకాల్లోనో సిలబస్‌లోనో ఇస్తారు. అసలు కొలబద్ద అది.

గ్రేడ్ల సంగతి. 71 నుంచి 80 దాకా ఒక గ్రేడు, 81 నుంచి పై గ్రేడు అనుకుందాం. 80 వచ్చినవాడికీ 81 వచ్చినవాడికీ మధ్య ఒక్క మార్కే తేడా ఉన్నా కార్డులో వేర్వేరు గ్రేడ్లు. 71కీ 80కీ తొమ్మిది మార్కుల తేడా ఉన్నా ఒకటే గ్రేడు. గ్రేడు మారిందని చెప్పగానే, రెండు గ్రేడ్లని విడదీసే గీతకి ఏ పక్క, ఎంత దూరంలో ఉందో అడగండి.

పర్సెంటైల్ అని రాసి ఉంటే దాన్ని పర్సెంటేజీ అనుకోవద్దు. 85వ పర్సెంటైల్ అంటే 85 మార్కులు కాదు. ఆ పరీక్ష రాసిన ప్రతి 100 మందిలో సుమారు 85 మందికన్నా మీ అమ్మాయి ముందుందని. పేపరు చాలా కష్టమైతే 50 మార్కులకే 85వ పర్సెంటైల్ రావచ్చు. ర్యాంకు కూడా ఇలాగే పక్కవాళ్ళ మీద ఆధారపడుతుంది. కొత్తగా నలుగురు బాగా చదివేవాళ్ళు క్లాసులో చేరితే, మీ అబ్బాయి నేర్చుకున్నది ఏమాత్రం తగ్గకపోయినా ర్యాంకు తగ్గుతుంది. నన్నడిగితే ర్యాంకు గురించి ఇంట్లో మాట్లాడకపోవడమే మంచిది. దాని నుంచి రేపు ఏం చేయాలో ఒక్క ముక్క కూడా తెలియదు.

ఇంకో సంగతి, ఇది చాలామంది తల్లిదండ్రుల గుండె బరువు దించుతుంది. మార్కు అనేది తూకం వేసినంత కచ్చితంగా ఉండదు. 1912లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు, హైస్కూలు పిల్లలు రాసిన ఇంగ్లీషు పేపర్లకి నకళ్ళు తీయించి, ఎన్నో స్కూళ్ళకి పంపి అక్కడి టీచర్లతో దిద్దించారు. ఒకే పేపరుకి పడ్డ మార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువకీ తక్కువకీ మధ్య 30కి పైగా తేడా వచ్చింది. భాషా పేపరు కాబట్టి అలా అయిందేమో అనుకోవడానికి లేదు. తర్వాత జామెట్రీ పేపరుతో చేస్తే తేడా ఇంకా పెరిగింది. ఒకరు స్టెప్పులకి మార్కులిచ్చారు, ఇంకొకరు జవాబుకే ఇచ్చారు, మరొకరు శుభ్రంగా లేదని తగ్గించారు. ఇప్పుడు కీ ఉంటుంది, స్టెప్పు మార్కులు ముందే రాసి పెడతారు, కాబట్టి అంత తేడా రాదు. అయినా నాలుగైదు మార్కులు అటూ ఇటూ కావడం మామూలే. 78 నుంచి 74కి వస్తే దాన్ని పడిపోవడం అనకండి. మూడు పరీక్షల్లో మార్కులు వరసగా ఒకే వైపు కదులుతుంటే అప్పుడు ఆగి చూడాలి.

చిన్న తరగతుల్లో మార్కులకి బదులు ‘ఇప్పుడే మొదలుపెట్టింది’, ‘సాయం చేస్తే చేస్తుంది’, ‘సొంతంగా చేస్తుంది’ లాంటి మాటలు రాస్తారు. ఇవి మార్కులకన్నా మేలు. వీటిని మళ్ళీ మార్కుల్లోకి మార్చి చెప్పమని టీచర్‌ని అడగకండి.

3. ఆన్సర్ షీటు తెరవండి

గంటలో ముప్పావు వంతు దీనికే ఇవ్వాలి. పేపర్లు ఇంటికి పంపని స్కూలైతే, అక్కడికే వెళ్ళి చూస్తామని చెప్పి టైమ్ తీసుకోండి.

ఒక పేపరు చూద్దాం. పది తీసివేతలు ఇచ్చారు. పిల్లవాడికి 4 మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో ‘కేర్‌లెస్’ అని ఉంది. సరైన జవాబుల్లో రెండు ఇవి: 86 లోంచి 32 తీసేస్తే 54, 79 లోంచి 45 తీసేస్తే 34. తప్పుల్లో రెండు ఇవి: 52 లోంచి 37 తీసేసి 25 అని రాశాడు, 403 లోంచి 168 తీసేసి 365 అని రాశాడు.

ఆ తప్పుల్ని నిదానంగా చూడండి. 52, 37. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7. రెండులోంచి ఏడు పోదు కాబట్టి వాడు ఏడులోంచి రెండు తీసేసి 5 వేశాడు. పదుల స్థానంలో 5 లోంచి 3 పోతే 2. జవాబు 25. రెండో లెక్కలోనూ అంతే: 8 లోంచి 3 పోతే 5, 6 లోంచి 0 పోతే 6, 4 లోంచి 1 పోతే 3. జవాబు 365. ప్రతి స్థానంలోనూ పైదా కిందిదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. అప్పు తెచ్చుకోనక్కర్లేని నాలుగు లెక్కలూ కరెక్టు. అప్పు తెచ్చుకోవాల్సిన ఆరూ తప్పు, ఆరూ ఒకే పద్ధతిలో తప్పు.

ఇది అజాగ్రత్త కాదు. అజాగ్రత్తగా చేస్తే తప్పులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. వీడు తనకి తెలిసిన ఒక రూలుని చాలా శ్రద్ధగా పాటిస్తున్నాడు, కాకపోతే ఆ రూలే తప్పు. ఇలాంటి పిల్లవాడికి ప్రాక్టీస్ చాలదని మరో వంద లెక్కలిస్తే, ఆ తప్పుని వందసార్లు గట్టిపరచినట్టే. చేయాల్సింది వేరే. పుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టి ఇవ్వండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులోంచి ముప్పై ఏడు ఇవ్వమనండి. విడివి రెండే ఉన్నాయి కాబట్టి వాడంతట వాడే ఒక కట్ట విప్పుతాడు. కాగితం మీద అప్పు తెచ్చుకోవడం అంటే ఆ కట్ట విప్పడమేనని అప్పుడు చూపించండి. తర్వాత సరిచూసుకోవడం నేర్పండి: వచ్చిన జవాబుకి తీసేసిన సంఖ్య కలిపితే మొదటి సంఖ్య రావాలి. 25కి 37 కలిపితే 62 వచ్చింది, 52 కాదు. తప్పు వాడికే కనబడుతుంది.

10కి 4 అనే మార్కు చూసి ఇదంతా ఎవరూ కనిపెట్టలేరు. పేపరు చూస్తే పది నిమిషాల పని.

మిగతా సబ్జెక్టులకీ ఇలాగే కూర్చోండి. మార్కు పోయిన ప్రతి చోటా పెన్సిల్‌తో ఒక చిన్న గుర్తు పెట్టండి: అసలు తెలియక పోయిందా, తప్పుగా అర్థమై పోయిందా, ప్రశ్న సరిగా చదవక పోయిందా, టైమ్ చాలక పోయిందా. ఈ నాలుగింటికీ మందులు వేర్వేరు. తెలియకపోతే ఆ పాఠం మళ్ళీ చెప్పించాలి. ప్రశ్న చదవకపోవడమైతే పాఠం మళ్ళీ చెప్పినా లాభం లేదు, ప్రశ్నలో ‘ఏవైనా రెండు’, ‘కారణాలు రాయండి’ లాంటి మాటల కింద గీత గీసుకునే అలవాటు చేయించాలి. టైమ్ చాలకపోతే గడియారం పెట్టుకుని రాయించాలి. గుర్తులు పెట్టాక లెక్కపెడితే ఏ రకం ఎక్కువుందో కళ్ళముందు ఉంటుంది.

గుర్తు పెట్టేటప్పుడు మీరే ఊహించకండి. పిల్లల్నే అడగండి. ‘ఇది ఎలా చేశావో నాకు చెప్పు’ అని, మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి. సరిదిద్దాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. తప్పు జవాబు వెనకున్న ఆలోచన బయటికి రావాలంటే ఎదుటివాళ్ళు వింటున్నారనే ధైర్యం ఉండాలి.

ప్రశ్నల రకం కూడా గమనించండి. 1956లో బ్లూమ్ బృందం ప్రకటించిన విద్యా లక్ష్యాల వర్గీకరణని నేటికీ ప్రశ్నపత్రాలు తయారుచేసేటప్పుడు వాడుతున్నారు. మన టీచర్ల మాటల్లో జ్ఞానం, అవగాహన, వినియోగం అని వినబడేవి అక్కడ నుంచి వచ్చినవే. గుర్తుంచుకుని రాయడం ఒక మెట్టు, అర్థం చేసుకుని చెప్పడం ఇంకో మెట్టు, కొత్త సందర్భంలో వాడడం ఆ పై మెట్టు. ఒక అమ్మాయి ‘బాష్పీభవనం అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకి పుస్తకంలో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. అదే పేపరులో ‘తడి బట్టలు గాలి వీచే చోట తొందరగా ఎందుకు ఆరతాయి?’ అన్న ప్రశ్న ఖాళీగా వదిలేసింది. రెండూ ఒకే పాఠం. ఈ అమ్మాయికి బట్టీ పట్టే శక్తి కావలసినంత ఉంది. తనకి కావలసింది ‘ఎందుకు’ అని అడిగే మనిషి. మొదటి రకం ప్రశ్నలే ఎక్కువున్న పేపరులో ఈ అమ్మాయికి 80 వస్తాయి, పై తరగతికి వెళ్ళాక మార్కులు ఒక్కసారిగా ఎందుకు తగ్గాయో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

టోటల్ కూడా ఒకసారి కూడి చూడండి. దిద్దని ప్రశ్న ఏదైనా మిగిలిందేమో చూడండి. తేడా కనబడితే పేపరు తీసుకెళ్ళి మామూలుగా చూపిస్తే సరిపోతుంది, దానికి గొడవ అక్కర్లేదు.

4. రిమార్కులు చదవండి

‘గుడ్’, ‘ఇంకా కష్టపడాలి’, ‘శ్రద్ధ తక్కువ’. ఈ మాటలతో ఎవరూ ఏమీ చేయలేరు. క్లాసులో అందరికీ రాయాల్సిన టీచర్‌కి ఒక్కో కార్డు మీద ఎంతోసేపు గడిపే వీలుండదు, అది నిజం. అయినా పనికొచ్చే రిమార్కు ఎలా ఉంటుందో తెలిస్తే అడిగి తెచ్చుకోవచ్చు. అది ఇలా ఉంటుంది: ‘పేరా చదివి అందులో నేరుగా ఉన్న జవాబులు రాయగలుగుతోంది. కారణం అడిగినప్పుడు పేరాలోని వాక్యాన్నే మళ్ళీ రాస్తోంది. ఇంట్లో ఏదైనా చదివాక అలా ఎందుకు జరిగిందో సొంత మాటల్లో చెప్పించండి.’ ఏం వచ్చు, ఎక్కడ ఆగింది, ఇక ఏం చేయాలి అన్న మూడూ ఇందులో ఉన్నాయి.

మార్కు, వ్యాఖ్య పక్కపక్కన ఉంటే మనసు మార్కు మీదికే పోతుంది. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన పరిశోధన 1988లో వచ్చింది. కొందరికి వ్యాఖ్యలు మాత్రమే ఇచ్చారు, కొందరికి గ్రేడ్లు మాత్రమే, మిగతావాళ్ళకి రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది, ఆసక్తి నిలుపుకున్నది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళు. రెండూ ఇస్తే రెట్టింపు లాభం రావాలి కదా, రాలేదు. గ్రేడు పక్కన ఉంటే వ్యాఖ్య చేయాల్సిన పని చేయలేకపోయింది. మనం స్కూలు పద్ధతి మార్చలేకపోవచ్చు, ఇంట్లో మాత్రం ఒక పని చేయొచ్చు. పిల్లలతో కూర్చున్నప్పుడు మార్కుల వరస మీద ఒక కాగితం పెట్టి మూసేసి, ముందు టీచర్ రాసిన మాటలు, పేపరులో రాసిన సూచనలు చదవండి. వాటి గురించి మాట్లాడాకే కాగితం తీయండి.

హాజరు వరస కూడా చూడండి. బడికి రాని రోజుల్లో ఏ పాఠం జరిగిందో, మార్కులు పోయిన పాఠం అదేనా అన్నది ఒక్క చూపులో తేలిపోతుంది.

5. మీటింగ్‌కి ముందు పిల్లలతో మాట్లాడండి

పేరెంట్స్ మీటింగ్‌లో మన పిల్లల గురించి కొత్త సంగతులు మొదటిసారి టీచర్ నోట వినడం ఎవరికీ బాగుండదు, పిల్లలకి అసలే బాగుండదు. ముందు రోజు అడగండి: ఈ టర్మ్‌లో ఏం తేలిగ్గా అనిపించింది? ఏ క్లాసులో అర్థం కాకపోయినా అడగలేకపోతున్నావు? రేపు మీ మేడమ్‌ని నీ తరఫున నేను ఏం అడగాలి? ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు చాలాసార్లు ఆశ్చర్యపరుస్తాయి. బోర్డు కనబడటం లేదని, వెనక బెంచీలో మాట వినబడటం లేదని, పక్కన కూర్చున్నవాళ్ళు ఏడిపిస్తున్నారని అప్పుడు బయటపడుతుంది.

అన్నతోనో పక్కింటి అమ్మాయితోనో పోల్చడం ఈ సంభాషణలోకి రానివ్వకండి. పోల్చాల్సి వస్తే పాత నోట్సు తీయండి. ఆరు నెలల కిందటి పేజీ పక్కన ఇప్పటి పేజీ పెట్టి చూపించండి.

6. మీటింగ్‌లో ఏం అడగాలి

మీకు దొరికేది కొద్ది నిమిషాలే. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉంటారు. అందుకే ఒకటి రెండు సంగతులే పెట్టుకుని వెళ్ళండి, గుర్తులు పెట్టిన పేపరు వెంట తీసుకెళ్ళండి.

‘మావాడికి మార్కులెందుకు తగ్గాయి మేడమ్?’ అని అడిగితే ‘ఇంకా కష్టపడాలండీ’ అనే జవాబే వస్తుంది. ప్రశ్న అంత వెడల్పుగా ఉంటే జవాబూ అంతే వెడల్పుగా ఉంటుంది. దానికి బదులు పేపరు తెరిచి ఇలా అడగండి: ‘మేడమ్, ఈ ఆరు లెక్కల్లోనూ ఒకటే తప్పు చేస్తున్నాడు. అప్పు తెచ్చుకోవడం క్లాసులో మీరు ఎలా చెప్పారో చెప్తే ఇంట్లో మేమూ అలాగే చేయిస్తాం.’ ఈ మాటతో టీచర్‌కి మీరు నేరం మోపడానికి రాలేదని అర్థమవుతుంది. పైగా మీరు ఒక పద్ధతి, స్కూలు ఇంకో పద్ధతి చెప్పి పిల్లవాణ్ణి తికమకపెట్టే ప్రమాదం తప్పుతుంది.

ఇంకా అడగదగ్గవి: ఈ తరగతికి ఉండాల్సిన స్థాయిలో ఉన్నాడా, వెనకున్నాడా, ముందున్నాడా? ఏ పాఠం దగ్గర తేలిపోతున్నాడు? క్లాసులో తనంతట తాను ప్రశ్న అడుగుతాడా? ఒక్కటే మారాలంటే ఏది మారాలంటారు? మీరు ఏం చేస్తారు, మేం ఏం చేయాలి? మళ్ళీ ఎప్పుడు చూద్దాం? చివరి ప్రశ్నకి తేదీ తీసుకోకుండా రావద్దు. తేదీ లేకపోతే మళ్ళీ మాట్లాడేది వచ్చే కార్డు వచ్చాకే.

టీచర్ చెప్పింది మీకు నచ్చకపోవచ్చు. ‘అల్లరి ఎక్కువ’ అన్నారనుకోండి. కాదని వాదించే ముందు ‘ఎలాంటి సమయంలో చేస్తాడు సార్? ఏ పీరియడ్‌లో?’ అని అడగండి. పని తొందరగా అయిపోయి ఖాళీగా ఉన్నప్పుడు చేసే అల్లరి వేరు, పాఠం అర్థం కాక చేసే అల్లరి వేరు. జవాబు విన్నాక మీకే తెలుస్తుంది ఇది ఏ రకమో.

కార్డు ఇంగ్లీషులో ఉండి చదవడం ఇబ్బందైతే, మొహమాటపడకుండా తెలుగులో చెప్పమనండి. తాతయ్యో అమ్మమ్మో వెళ్తున్నా ఇదే మాట చెప్పి పంపండి. ఇంటి పరిస్థితులు, ఆరోగ్యం లాంటివి నలుగురి ముందు మాట్లాడలేని సంగతులైతే అక్కడే విప్పకండి. ‘విడిగా పది నిమిషాలు కావాలి’ అని టైమ్ అడగండి.

కుదిరితే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. తన గురించి తన వెనక మాట్లాడుకున్నారనే అనుమానం ఉండదు. వచ్చేటప్పుడు దారిలో ముందు టీచర్ మెచ్చుకున్న మాట చెప్పండి, తర్వాత చేయాల్సిన పని చెప్పండి.

7. తర్వాతి నాలుగు వారాలు

ఒక సబ్జెక్టుకి ఒకే లక్ష్యం పెట్టుకోండి. ‘లెక్కలు మెరుగుపడాలి’ అన్నది లక్ష్యం కాదు. ‘అప్పు తెచ్చుకునే తీసివేతలు పదికి తొమ్మిది కరెక్టుగా చేయాలి’ అన్నది లక్ష్యం. రోజుకి పదిహేను నిమిషాలు చాలు, కానీ తప్పకుండా జరగాలి.

చదివించే పద్ధతిలో ఒక మార్పు చేయండి. పిల్లలు చదవడమంటే అదే పేజీని మళ్ళీ మళ్ళీ చదవడం అనుకుంటారు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రకటించిన ప్రయోగాల్లో ఒక పాఠాన్ని కొందరు పదేపదే చదివారు, కొందరు చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పదేపదే చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళు ముందున్నారు. స్కూలు పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా. కాబట్టి ఒకసారి చదివాక పుస్తకం మూయించి, ఏం గుర్తుందో రాయించండి లేదా మీకు చెప్పించండి. తర్వాత తెరిచి ఏం వదిలేశారో వాళ్ళనే చూసుకోమనండి. రెండు రోజులాగి మళ్ళీ అడగండి. ఇంట్లో జరిగే ఈ చిన్న పరీక్షకి మార్కులు వేయకండి.

నాలుగు వారాలయ్యాక, పాత పేపరులో తప్పుపోయిన ప్రశ్నల లాంటివే ఐదు కొత్తవి ఇచ్చి చూడండి. అదే ప్రశ్నలిస్తే జవాబులు గుర్తుంచుకుని రాసేస్తారు. ఈ కాగితం, పాత పేపరు కలిపి ఒక ఫైలులో పెట్టండి. టీచర్ ఇచ్చిన తేదీకి ఈ రెండూ తీసుకెళ్ళండి.

మార్కులు బాగా వచ్చేవాళ్ళ ఇంట్లోనూ ఇది అవసరమే. ప్రతి పేపరులో 98, 99 వస్తున్నాయంటే ఆ పేపర్లు తన స్థాయిని కొలవలేకపోతున్నాయని కూడా అర్థం. ‘తనకి ఇంకొంచెం కష్టమైన పని ఏమివ్వొచ్చు?’ అని టీచర్‌ని అడగండి. కష్టమైన లెక్క ముందు కాసేపు తెలియక కూర్చోవడం ఈ పిల్లలకి చిన్నప్పుడే అలవాటు కావాలి.

8. ఎప్పుడు ఆగకూడదు

కొన్నిటికి నాలుగు వారాలు చూద్దామని కూర్చోకూడదు. ఒకటి రెండు సబ్జెక్టుల్లో కాక అన్నిటిలోనూ ఒకేసారి మార్కులు బాగా తగ్గితే కారణం చాలాసార్లు పాఠంలో ఉండదు. చూపు, వినికిడి, నిద్ర, ఇంట్లో జరుగుతున్న గొడవలు, క్లాసులో ఎవరైనా వేధించడం, వీటి వైపు చూడాలి. బోర్డు మీదివి తప్పుగా ఎక్కించుకుంటుంటే ముందు కంటి పరీక్ష చేయించండి.

నోటితో అడిగితే గడగడా చెప్పే పిల్లవాడు చదవడం, రాయడం దగ్గర మాత్రం ఎంత శ్రమపడినా తోటివాళ్ళకన్నా చాలా వెనకబడితే, అక్షరాలు కూడబలుక్కుంటూ ఉండిపోతే, అది బద్ధకం కాకపోవచ్చు. డిస్లెక్సియా లాంటి ఇబ్బందేమో నిపుణులతో చూపించాలి. ఇలాంటి పిల్లలకి పరీక్షలో అదనపు సమయం, ప్రశ్న చదివి వినిపించడం లాంటి సదుపాయాలు ఇచ్చే ఏర్పాట్లు ఉంటాయి, స్కూల్లో అడగండి. బడికి వెళ్ళనని రోజూ ఏడవడం, పరీక్ష రోజున కడుపునొప్పి, వాంతులు వస్తుంటే అదీ తేలిగ్గా తీసుకోవద్దు.

వీటిలో ఏది కనిపించినా పేరెంట్స్ మీటింగ్ దాకా ఎదురుచూడకుండా, ఆ వారంలోనే క్లాస్ టీచర్‌ని కలిసి, మీరు ఇంట్లో గమనించింది తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.